తొమ్మిదో అంతస్తు నుంచి అమ్మ కేక

కిందటి వేసవిలో అమ్మకు డెబ్బయ్యేళ్లు నిండాయి. ఆ రోజు గుంటూరులో ఎక్కడ భోంచేయాలా అని తమ్ముడూ నేనూ తెగ పోట్లాడుకున్నాం. వాడు బిర్యానీ బాగుండే చోటికన్నాడు. నేను ఊరి చివర బైపాస్ పక్కన కొత్త హోటల్, అదీ తొమ్మిదో అంతస్తన్నాను. నా మాటే నెగ్గింది.

లిఫ్టులో అమ్మ నా చెయ్యి వదల్లేదు. పైన అద్దం పక్కన కూర్చోగానే భయం మర్చిపోయింది. కింద కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలతో నేలంతా ఎర్రగా ఉంది.

"ఇన్నేళ్లూ నడుం వంచి కోయటమేగానీ, ఇట్టా పైనుంచి ఎప్పుడు చూశానే!" అంది.

సూప్ వచ్చింది. అమ్మ ఉన్నట్టుండి లేచి, అద్దం మీద దబదబా బాదుతూ, "ఒరేయ్, వానొస్తందిరా! పట్టాలు కప్పండ్రా!" అని అరిచింది. హాలంతా మా వైపు తిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"కిందవాళ్లకి వినపడదమ్మా, కూర్చో" అని చెయ్యి లాగుతూ బయటికి చూశాను.

పడమటి నుంచి వాన బూడిదరంగు గోడలా నడిచొస్తోంది. కింద మనుషులు పరుగెడుతున్నారు. ఎరుపు మీద నీలం పట్టాలు ఒక్కొక్కటే పరుచుకుంటున్నాయి. తింటున్నవాళ్లంతా లేచి అద్దం దగ్గరికొచ్చారు. వెయిటర్లు ట్రేలతోనే నిలబడిపోయారు. చివరి ఎర్రటి ముక్క కూడా మూతపడ్డాక అద్దం మీద చినుకులు పడ్డాయి.

"మీ కాయలేనాండీ?" అని పక్క టేబులావిడ అడిగింది.

"ఎవరివో ఏమోనమ్మా. తడవలేదుగా!" అంటూ అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత అక్కడ తిన్న బిర్యానీ ఎలా ఉందో తమ్ముడికీ నాకూ ఇప్పటికీ గుర్తులేదు.