ముడుపు గుడ్డలో ఆసుపత్రి చీటీ: బరంపురం నుంచి చమఖండికి ఒక శుక్రవారం

ఒడిశా బరంపురంలో మాది పూజాసామాన్ల దుకాణం. పసుపు, కుంకుమ, కర్పూరం, వత్తులు, ముడుపు గుడ్డలు అమ్ముతాం. సముద్రం ఒడ్డున ఉన్న జాలరి ఊరు చమఖండి నుంచి నూకాలమ్మ ఇరవై ఏళ్లుగా గంగమ్మ మొక్కులకు కావలసినవన్నీ మా దగ్గరే కొంటోంది. మొన్న బుధవారం వచ్చి మామూలు సరుకుతో పాటు మూరెడు పసుపు గుడ్డ అడిగింది. ఏం మొక్కు అని అడిగాను. "మా ధనరాజు సెయ్యి సంగతి తెలుసు కదా సావుకారమ్మా. ఆ ఆసుపత్రి కాయితాలన్నీ ముడుపు కట్టి, శుక్రవారం పొద్దున్న సముద్రంలో గంగమ్మకి ఒగ్గీస్తాం. కాయితాల్తోనే పీడ ఎల్పోద్ది" అంది. నేను గుడ్డ చించి ఇచ్చాను. మొక్కు మాట కాబట్టి అప్పుడు నాకేమీ తోచలేదు. ఈ ప్రయాణానికి కారణం ఆ మూరెడు గుడ్డే.

ధనరాజు ఆమె ఒక్కగానొక్క కొడుకు. ముప్పై రెండేళ్లు. భార్య, చిన్న పాప ఉన్నారు. తమిళనాడు తీరానికి దూరంగా, సముద్రంలో గాలిమరలు నిలబెట్టడానికి సన్నాహాలు జరుగుతున్నాయి. మర పాతే ముందు అడుగున నేల ఎలా ఉందో చూడాలి. అందుకు ఇనుప కాళ్ల మీద నిలిచే వేదికను నీళ్లలో దింపి, దాని మీద నుంచి తవ్వుతారు. పనివాళ్లను చిన్న పడవలో తీసుకెళ్లి వేదిక నిచ్చెన ఎక్కిస్తారు. ఆ పడవలో తాడు పట్టే పనికి ధనరాజు ఒక కాంట్రాక్టరు ద్వారా వెళ్లాడు. ఒకరోజు పడవకూ నిచ్చెనకూ మధ్య అతని కుడిచెయ్యి నలిగిపోయింది. మూడు వేళ్లు ఈనాటికీ ముడుచుకోవు. కాంట్రాక్టరు వైద్యం చేయించి రైలెక్కించాడు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు.

గురువారం సాయంత్రం శ్యామల దీపం వత్తుల కోసం దుకాణానికి వచ్చింది. కోర్టు ఆవరణలోని ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో పనిచేసే వకీలు. మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆమె వత్తులు పక్కన పెట్టి, "పిన్నిగారూ, ప్రమాదం జరిగి ఎంతకాలమైంది?" అంది. లెక్క చూస్తే రెండేళ్లు నిండడానికి ఇంకా ఆరు వారాలే ఉంది. పరిహారం దరఖాస్తు రెండేళ్లలోపు వెయ్యాలట. ఆలస్యమైతే కారణం చెప్పుకోవచ్చు గానీ, ఒప్పుకుంటారన్న నమ్మకం లేదట. తమిళనాడు వెళ్లాలేమో అన్నాను. "అక్కర్లేదు. మనిషి ఎక్కడ కాపురం ఉంటే ఆ జిల్లాలోనూ వేసుకోవచ్చు. కానీ కాగితం ఉండాలి. ఆసుపత్రి చీటీ నీళ్లలో పడిందంటే, చెయ్యి అక్కడే నలిగిందని చెప్పడానికి చాలా తిరగాలి" అంది.

నూకాలమ్మకు రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తినా, మొక్కు ఆపమని ఫోనులో చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. దుకాణం మా ఆయనకు అప్పగించి, శుక్రవారం తెల్లవారుజామున దీపం పెట్టుకుని బయలుదేరాను.

బరంపురం కొత్త బస్టాండు నుంచి ఛత్రపురం వైపు బస్సులు పొద్దున్నే దొరుకుతాయి. నేను ఎక్కినది ఐదూ నలభైకి కదిలింది. టికెట్టు నలభై రూపాయలు. ముప్పావు గంటలో ఛత్రపురంలో దించేశారు. కిటికీ పక్కన కూర్చుంటే ఆ వేళ గాలి చల్లగా ఉంటుంది, చెవులకు కొంగు చుట్టుకోవడం మంచిది. నేను శుక్రవారం ఒంటిపూట ఉంటాను కాబట్టి దిగిన చోట టీ మాత్రమే తాగాను. అంత పొద్దున్న చమఖండికి షేర్ ఆటోలు తిరగవు. నూట యాభై రూపాయలకు ఒక ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు ఒడియా అతనే అయినా, తెలుగు మా అందరిలాగే మాట్లాడతాడు.

"మావుసీ, ఊర్లోకా, ఒడ్డుకా?" అన్నాడు, ఒడియాలో పిన్నిని పిలిచినట్టు.

"ఒడ్డుకే. కొంచెం తొందరగా వెళ్లు నాయనా. మొక్కు ఉంది."

"మొక్కుకి తొందరేటి మావుసీ? దేవుడు ఎక్కడికీ ఎల్లిపోడు."

"దేవుడు వెళ్లడు. కాగితాలు వెళ్లిపోతాయి," అన్నాను. అతనికి ఏమీ అర్థం కాలేదు గానీ బండి వేగం పెంచాడు. సరుగుడు తోటల మధ్య రోడ్డు బాగానే ఉంది, చివర కొంత దూరం ఇసుక. ఏడు దాటి పది నిమిషాలకు ఒడ్డు దగ్గర దిగాను. చెప్పులు చేత పట్టుకుని నడిచాను.

నూకాలమ్మ నీళ్ల అంచున చేట పట్టుకుని నిలబడి ఉంది. చేటలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, గాజులు, నేను చించి ఇచ్చిన గుడ్డలో కట్టిన ముడుపు. ధనరాజు మోకాలి లోతు నీళ్లలో ఉన్నాడు. వలలు సర్దుకుంటున్న మగవాళ్లు ఇద్దరు చూస్తున్నారు. నన్ను చూసి ఆమె నవ్వింది. "సావుకారమ్మా, మీరొచ్చినారేటి? మా మొక్కుకి మీరు రావడం మా బాగ్యం. కాయ మీరే కొట్టండి."

దేవుడి పని ఆపే మనిషిని కాను నేను. "నూకాలమ్మా, ఏమని మొక్కుకున్నావు?" అని అడిగాను.

"పీడ ఒదిలిన్నాడు కాయితాలు నీకే ఒగ్గీస్తానమ్మా అనుకున్నాను."

"వదిలిందా మరి?"

ఆమె కొడుకు చెయ్యి వైపు చూసింది. వదలక ముందే తీర్చేస్తే అది మొక్కు తీర్చినట్టు ఎలా అవుతుందని, శ్యామల చెప్పినదంతా నెమ్మదిగా చెప్పాను. ఆ చీటీతో దరఖాస్తు వేయొచ్చనీ, మన జిల్లాలోనే వేయొచ్చనీ, ఆరు వారాలే ఉందనీ.

వల సర్దుతున్న వాళ్లలో ఒకడు, "జిరాక్సు తీయించీసి అది ఒగ్గీరాదా పిన్నీ" అన్నాడు.

"గంగమ్మకి జిరాక్సు ఇత్తావేట్రా? రేపు ఆవిడ నీ వలలో సేప జిరాక్సు ఏత్తాది," అంది నూకాలమ్మ. ధనరాజుతో సహా అందరం నవ్వాం. కానీ అతను చెయ్యి చాచి ముడుపు ఇమ్మన్నాడు.

"ఇయ్యమ్మా. ఆ కాయితాలు అగుపించినప్పుడల్లా నాకు ఆ కెరటమే అగుపిత్తాది. కేసూ వద్దు, ఏటీ వద్దు. తప్పు నాది."

"ఏం తప్పు నాయనా?" అన్నాను. అతను నీళ్లలోంచి బయటికి వచ్చి ఇసుకలో కూర్చున్నాడు. ఈ పనికి వెళ్లాలనుకునేవాళ్లు చదువుతారని అతను చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను.

"పడవ కెరటం మీద పైకి లేసినప్పుడే నిచ్చెన మీద అడుగెయ్యాల సావుకారమ్మా. కిందకి దిగినప్పుడు ఏత్తే పడవ మళ్లీ లేసి కాళ్లు నలిపేత్తాది. మనుసులు ఎక్కినంతసేపు నాను తాడుతో పడవని నిచ్చెనకి ఆనించి ఉంచాల. ఆ తాడు కాడ ఇద్దరుండాల. ఆ రోజు నానొక్కడినే. రాత్రి డూటీ దిగి మళ్లీ పగలు ఎక్కినాను. గాలి తిరిగిందని సెప్తే, ఈ ట్రిప్పు అయిపోనాక ఆపేద్దారి అన్నారు. పెద్ద కెరటం ఎల్పోనాది, ఇంక సిన్నదే అనుకుని తాడు సవరించడానికి సెయ్యి మజ్జిలో ఎట్టినాను. లెక్క తప్పినాను. సముద్రంలో పుట్టినోడికి కెరటం లెక్క తప్పడమేటి? ఒడ్డుకొచ్చినాక అందరూ అదే అన్నారు."

ఇద్దరు ఉండవలసిన చోట ఒక్కడే ఉన్నాననీ, నిద్ర లేదనీ, గాలి సంగతి ముందే చెప్పాననీ అతనే చెప్పాడు. అయినా తప్పు తనదే అంటాడు. నూకాలమ్మ చేట ఇసుక మీద పెట్టింది.

"ఒరే, మన అప్పన్న మామకి పడవ మీద కాలు ఇరిగినప్పుడు ఆరు నెల్లు మంచం మీదున్నాడు. ఆడి వాటా సేపలు రోజూ ఆడి గుమ్మంలోకి వచ్చినాయా లేదా?"

"వచ్చినాయి."

"నీ తప్పా, కెరటం తప్పా అని ఎవుడైనా అడిగినాడా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"నీకు దెబ్బ తగిలొచ్చినప్పుడు, నువ్వు ఎక్కని పడవోలు కూడా మనకి నెల్లాళ్లు సేపలు ఏసినారు. నువ్వు ఎక్కిన పడవోలు ఏటేసినారు? గంగమ్మ నిన్ను కూలికి పిలిసిందేటి? పిలిసినోల్ని అడుగు. పడవ మీద దెబ్బ తగిలినోడు వాటా అడగడం దేబిరించడం కాదు."

ధనరాజు లేచి, లుంగీకి అంటిన ఇసుక దులుపుకున్నాడు. "బస్సు ఎన్నింటికి?" అన్నాడు. నూకాలమ్మ నాచేత కాయ మాత్రం కొట్టించింది, ముడుపు నడుముకు కట్టుకుంది. మొక్కు వాయిదా వేసినందుకు అమ్మవారిని క్షమించమని నేనూ దణ్ణం పెట్టుకున్నాను. వాళ్లింట్లో నాకు కొబ్బరిబొండాం తెప్పించబోతే, టీ చాలన్నాను. బెల్లం వేసిన డికాషను, చాలా బాగుంది.

తిరుగు ప్రయాణంలో షేర్ ఆటో దొరికింది, తలకు ముప్పై రూపాయలు. పదిన్నరకల్లా ముగ్గురం బరంపురంలో ఉన్నాం. ముందుగా వాళ్లిద్దరినీ బస్టాండు బయట పూరీ ఉప్మా తినమన్నాను. వడ్డించే ఆవిడ ధనరాజు చెయ్యి చూసి, అడగకుండానే పూరీలు ముక్కలు చేసి ప్లేటులో పెట్టింది. తర్వాత కోర్టు ఆవరణకు నడిచాం. ఉచిత న్యాయ సహాయానికి ఫీజు లేదు, గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి.

శ్యామల పసుపు గుడ్డ విప్పి, కుంకుమ అంటిన కాగితాలను ఒక్కొక్కటిగా పరిచింది. ధనరాజును మూడు ప్రశ్నలు అడిగింది. ఆ రోజు తాగి ఉన్నావా? లేదు. లైఫ్ జాకెట్టు, హెల్మెట్టు కావాలని తీసేశావా? లేదు. పని మీద ఉండగానే తగిలిందా? అవును. "అయితే లెక్క తప్పావా లేదా అన్నది ఇక్కడ ఎవరూ అడగరు. పని చేస్తుండగా దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలి. కాంట్రాక్టరు తప్పుకుంటే, పని చేయించుకున్న పెద్ద కంపెనీని అడగొచ్చు" అంది. ఓడ సిబ్బందికి కొన్ని వేరే నిబంధనలు ఉంటాయనీ, కంపెనీవాళ్లు ఆ మాట ఎత్తితే దానికీ జవాబు సిద్ధం చేస్తాననీ చెప్పింది. నూకాలమ్మ అంతా విని, "అయితే మా ఊరి వాటాలాటిదే" అంది. శ్యామల అవునంది.

అక్కడి నుంచి నలుగురం కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లాం. అక్కడ ఫారం నింపేటప్పుడు ఒక చోట ఆగిపోయాం. గుమస్తా యజమాని పేరు అడిగితే ధనరాజు పడవ పేరు చెప్పాడు. కంపెనీ పేరు అడిగితే పడవ నడిపే సరంగు పేరు చెప్పాడు. చమఖండిలో పనిని పడవ పేరుతోనే గుర్తుపెట్టుకుంటారు. కాంట్రాక్టరును ఊరంతా 'అన్న' అని పిలిచేవారట, అసలు పేరు ఎవరికీ తెలియదు. గుమస్తా పెన్ను కింద పెట్టేశాడు. అప్పుడు శ్యామల మొదటి రోజు ఆసుపత్రి చీటీ తిరగేసింది. 'తీసుకొచ్చినవారు' అన్న చోట కాంట్రాక్టరు సంస్థ పేరు, సూపర్‌వైజరు సంతకం, 'పని స్థలంలో గాయం' అన్న ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. పొద్దున్న ఏడున్నరకు నీళ్లలో కలిసిపోవలసిన కాగితం అది. నూకాలమ్మ దాన్ని చూస్తూ రెండు చేతులూ జోడించింది.

వేలిముద్ర చాలన్నారు గానీ ధనరాజు ఎడమచేత్తో సంతకం చేశాడు. చాలాసేపు పట్టింది, గుమస్తా తొందరపెట్టలేదు. మూడున్నరకు నంబరు వేసిన రసీదు చేతికిచ్చారు. ఇక కంపెనీకి, కాంట్రాక్టరుకు నోటీసులు వెళతాయి. చేతికి ఎంత నష్టం జరిగిందో డాక్టరు దగ్గర ధ్రువపత్రం తీసుకోవాలి, విచారణకు కొన్ని నెలలు పట్టొచ్చు. బస్టాండులో ధనరాజు ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. వచ్చే నెల అదే పనికి వెళ్లబోతున్న వాళ్ల ఊరి మనిషట. "తాడు కాడ ఇద్దరున్నారో లేదో సూసుకుని ఎక్కు. ఒక్కడివే అయితే ఎక్కకు. నాను సెప్పినానని సెప్పు," అన్నాడు. పొద్దున్న తప్పు నాదే అన్న మనిషి గొంతు కాదది.

ఈ ప్రయాణానికి మొత్తం ఒక్క పగలు పట్టింది, చూసినది ఒక్క ఒడ్డు, రెండు కార్యాలయాలు. యాత్రలకు వెళ్లినప్పుడు మొక్కు తీరిందన్న తృప్తితో తిరిగి వస్తాను. ఈసారి మొక్కు తీరకుండా ఆపి వచ్చాను, మనసు మాత్రం అంతే తేలికగా ఉంది. బస్సెక్కే ముందు నూకాలమ్మ ముడుపు నా చేతిలో పెట్టింది. "ఇంట్లో ఉంటే ఈడు ఏ రోజో సముద్రంలో పడేత్తాడు సావుకారమ్మా. మీ దేవుడి కాడ ఉంచండి" అంది. ఇప్పుడది మా దుకాణంలో అమ్మవారి పటం పక్కన ఉంది, లోపల ఆసుపత్రి చీటీతో పాటు రసీదు. విచారణకు పిలిచిన రోజు విప్పి ఇస్తాను, పని ముగిశాక తిరిగి కడతాను. తీర్పు వచ్చిన మర్నాడు ముగ్గురం కలిసి దాన్ని గంగమ్మకు అప్పగించాలని అనుకున్నాం. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆ ముడుపుకూ ఒక పువ్వు పెడుతున్నాను.

మీ ఇంటి నుంచి ఎవరైనా ఇలాంటి పనికి వెళుతుంటే ఒక్క సంగతి చెప్పి పంపండి. దెబ్బ తగిలితే మొదటి ఆసుపత్రి చీటీ మీద, ఎవరు తీసుకొచ్చారో, దెబ్బ ఎక్కడ తగిలిందో రాయించుకుని, దాని ఫోటో ఆ రోజే ఇంటికి పంపమనండి.