ఎనుక టైర్ల గాలి

బోధన్ అక్క యాదికొస్తే నాకు ఇప్పటికీ కడుపుల మండుతది. తాతల కాలంల కోస్తా నుంచి వచ్చి, బోధన్ దగ్గర చెరుకు పెట్టుకున్న కుటుంబం ఆమెది.

నిజామాబాద్ అవుతల ఒక మైదానంల మేము కార్ల పోటీ పెట్టుకునేటోళ్లం. నిలబెట్టిన కోన్ల నడుమ నుంచి ఎవలు తొందరగ తిప్పుకొస్తే వాళ్లు గెలిచినట్టు.

మా ఇద్దరివి ఒకటే రకం పాత చిన్న కార్లు. నేను కొత్త స్ప్రింగులు, కొత్త టైర్లు ఏయించిన. ఆమె బరువు తగ్గాలని స్టెపినీ, ఎనుక సీటు తీసి పక్కన పెట్టేది, అంతే. ప్రతి రౌండు అయినంక దిగి, పిల్లలకు జరమొచ్చిందా అని సూసినట్టు నాలుగు టైర్లకు చెయ్యి ఆనించేది. ఒకదాంట్ల గాలి తీసేది, ఇంకోదాంట్ల కొట్టేది. మళ్ల రౌండుల నాకంటే రెండు సెకన్లు ముందుండేది.

ఒకసారి నా కారు మలుపుల తిరగక కోన్లన్నీ పడగొట్టిన. ఆమెనే వచ్చింది.

"ముందు చక్రాలే లాగాలి, అవే తిరగాలి. వాటికెంత పని? వెనక టైర్లలో గాలి పెంచు తమ్ముడూ. వెనక కాస్త జారితే కారు సులువుగా తిరుగుతుంది."

ఆమె అటు పోయేదాక ఆగి, గాలి కొట్టిన. ఆ రోజు మొదటిసారి ఆమెను ఓడగొట్టిన.

"కారు ఎవలు సెట్ చేసిండ్రన్నా?" అని దోస్తులు అడిగిండ్రు. ఆమె పక్కన్నే ఉన్నది.

"నేనే," అన్న.

ఆమె దగ్గరికొచ్చింది. "చివరి మలుపులో బ్రేకు మరీ ముందే వేశావు. ఇంకో అర సెకను తగ్గించొచ్చు," అన్నది.

ఆమెకు కోపమొస్తే బాగుండనిపించింది. గప్పుడన్న ఇద్దరం సమానమైతుంటిమి.