తీసేసిన లేబుల్ నుంచి వచ్చిన కబురు

దెయ్యాల కబుర్లంటే నాకు మొదట్నుంచీ నవ్వే. కంప్యూటర్ పని చేసేదాన్ని, లాగ్‌లో, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలో, కనిపించనిదేదీ నమ్మను. అందుకే ఈ సంగతి ఎత్తితే మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తారు.

ఏలూరులో ఇంటి నుంచే పనిచేస్తాను. మా కంపెనీ చేపల చెరువుల్లో ఆక్సిజన్ చూసే మెషిన్లు పెడుతుంది. ఒక్కో మెషిన్ పంపే రీడింగులు చూడ్డానికి మా సర్వర్లో ఒక్కో చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, కంటైనర్ అంటాం. అది ఆగి మళ్ళీ లేచినప్పుడల్లా దాని నెట్‌వర్క్ అడ్రస్ మారిపోతుంది. అందుకని చెరువులో ఉన్న మెషిన్‌కుండే మారని అడ్రస్‌నే దానికి లేబుల్‌గా తగిలిస్తాం. అద్దిల్లు మారినా నేమ్‌ప్లేటు వెంట తీసుకెళ్ళినట్టన్నమాట.

కొల్లేటికోట దగ్గర మా బాబాయికి చెరువుంది. కిందటి పంటలో, ఓ మబ్బు రోజు ఆక్సిజన్ చాలక చేపలన్నీ చచ్చి తేలాయి. ఈసారీ పోతే చెరువు వదిలేస్తానని తేల్చి చెప్పేశారు. సరిగ్గా అప్పుడే ఆయన మెషిన్ పాడైంది. కొత్తది వచ్చేదాకా నా దగ్గరుంటుందిలే అని పాతది విప్పి తెచ్చి, బ్యాటరీ తీసి, మా బీరువాలో దుప్పట్ల పక్కన పెట్టాను. దాని కంటైనర్‌నీ లేబుల్‌నీ నేనే తీసేశాను.

రెండ్రోజులుగా మబ్బు వీడలేదు. మధ్యాహ్నం అన్నం తింటుంటే అలారం మోగింది. ఆక్సిజన్ పడిపోతోందట. లేబుల్ చూస్తే బాబాయి మెషిన్ అడ్రస్! కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

బాబాయి తాడేపల్లిగూడెంలో పెళ్ళిలో ఉన్నారు. ఫోన్ చేశాను.

"బాబాయ్, వెంటనే ఏరేటర్లు వేయించండి."

"మెషిన్ నీ దగ్గరే ఉంది కదమ్మా! ఎవరు చెప్పారు?"

"ముందు వేయించండి బాబాయ్, తర్వాత తిడుదురుగాని."

బాబాయి ఫోన్ చేస్తే చెరువు కాపలా మనిషి షెడ్డులోంచి లేచి గట్టెక్కేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయట. ఏరేటర్లు తిరిగి నీళ్ళలో గాలి కలిశాక మెల్లగా కిందికి దిగాయి. ఒక్కటీ పోలేదు. ఆ మాట విని ఏడ్చేశాను.

తర్వాత వెతికితే ఆ లేబుల్‌తో కంటైనరే లేదు. అలారం మాత్రం లాగ్‌లో ఉంది. పాత లేబుల్ పొరపాటున వేరే చెరువు కంటైనర్‌కి తగులుకుని ఉంటుందన్నారు మా టీమ్ లీడర్. సరేనండీ, కానీ ఆ పూట మిగతా చెరువులన్నీ బాగానే ఉన్నాయి. మరి ఆ రీడింగు ఏ నీళ్ళది? బీరువా తీసి చూశాను. మెషిన్ పెట్టిన చోటే ఉంది.

చేపలు పట్టి అమ్మే పట్టుబడి రోజు బాబాయి రెండు బొచ్చె చేపలు పంపి ఫోన్ చేశారు. గొంతులో సంతోషం తెలిసిపోతోంది.

"ఒకటి నీకమ్మా. ఇంకోటి ఆ కబురు పంపినవాళ్ళకి."

మొదటిది అప్పుడే పులుసు పెట్టేశాను. రెండోదాన్ని పట్టుకుని, ఎవరికివ్వాలో తెలియక వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను. ఇప్పటికీ తెలియదు.