పోలింగుకు ముందు ఈత

నేను భయపడి నోరు మూసుకున్నానని జమ్మలమడుగు దగ్గర మా అత్తగారి ఊర్లో ఇప్పటికీ చెప్తారు. అమ్ముడుపోయిందని ఇంకొందరు అంటారు. రెండూ అబద్ధాలే. నా గొంతు తీసింది ప్రొద్దుటూరు స్విమ్మింగ్ పూల్. బాంబులకు భయపడిందంటే నమ్మే ఊరు, క్లోరిన్ నీళ్ళకు గొంతు పోయిందంటే నవ్వుతుంది.

నడుంనొప్పికి ఈత మంచిదని డాక్టరు చెప్తే పోయినా. ఈత నాకు కొత్తేం కాదు. లింగాల దగ్గర మా పుట్టింటి తోటబావిలో, నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకుని నేర్చినదాన్ని. ఆ నీళ్ళు ఎన్ని మింగినా ఒక్కనాడూ దగ్గింది లేదు.

పూల్‌లో సాయంత్రం ఒక గంట ఆడవాళ్ళకు. మగవాళ్ళ కన్ను పడకూడదని చుట్టూ రేకులు నిలబెట్టి, పైన టార్పాలిన్ కప్పినారు. మగవాళ్ళు ఈది పోగానే నీళ్ళు మురికైనాయని క్లోరిన్ పొడి గుమ్మరించేవాళ్ళు. ఆ వెంటనే మేము దిగాలి. గాలి ఆడదు. ఘాటంతా నీళ్ళకు జానెడు ఎత్తులో నిలబడి ఉంటుంది. ఈదేవాళ్ళ ముక్కూ నోరూ ఉండేది కూడా అక్కడే.

"రేకు ఒకటి తీయప్పా, ఊపిరాడకుండా ఉంది" అని పూల్ చూసుకునే ఆయన్ను అడిగినా.

"తీస్తే రేపు మీ ఇండ్లల్లోంచే కొట్లాటకొస్తారు. మర్యాద కావల్నా, గాలి కావల్నా?"

"దుడ్లిస్తాండాం. రెండూ కావల్ల."

తీయలేదు. నేనూ మానలేదు. కాలేజీలో పాఠం చెప్తుంటే గొంతు గరగరమనేది. ఎలక్షన్ కాలం కదా, వాదించి వాదించి పోయింటాదిలే అన్నారు అందరూ. అట్లనే అనుకుని మిరియాల పాలు తాగి మళ్ళీ పూల్‌కే పోయినా.

ఆ ఎన్నికల్లో మా ఊరి ఆడవాళ్ళ బూత్‌కు పార్టీ నన్ను ఏజెంటుగా పెట్టింది. ఊర్లో ప్రతి ఆడమనిషి మొఖం తెలిసినదాన్ని, పైగా నోరున్నదాన్ని. ఒకరి ఓటు ఇంకొకరు వేయడానికొస్తే లేచి అడ్డం చెప్పడమే ఆ పని. ముందురోజు సాయంత్రం కూడా ఈదినా. పొద్దున లేచి మా ఆయన్ను పిలిస్తే గాలి వచ్చింది గానీ మాట రాలేదు.

"ఇన్నేండ్లకు దేవుడు నా మొర విన్నాడు" అన్నాడాయన.

మనిషిని మార్చే టైము లేదు. కాసేపటికి సర్దుకుంటుందిలే అని పోయి కూర్చున్నా.

మా వీధిలో ఒకామె కువైట్‌లో వంటపనికి పోయి ఉంది. ఆమె పేరు చీటీ పట్టుకుని ఎవరో ముక్కూ మొఖం తెలియని మనిషి వచ్చింది. వాకిట్లో అవతలి పార్టీ వాళ్ళు కాపలా నిలబడినారు. నేను లేచినా. నోరు తెరిస్తే గాలే. చేతులూపినా. కాగితం మీద రాసి ఆఫీసరు ముందు పెట్టినా. ఆయన దాన్ని చదవను కూడా లేదు.

"ఏందమ్మా, ఉంటే నోటితో చెప్పు. లేదా కూర్చో."

నా పక్క కుర్చీలో ఇండిపెండెంటు తరఫు ఏజెంటు, నాకు మామ వరస. ఆ కువైట్ ఆమె ఇంటి పక్కిల్లే ఆయనది. మోచేత్తో పొడిచినా. ఆయన సిరా సీసా వంక చూస్తా కూర్చున్నాడు. ఆ ఒక్క ఓటు పడినాక దొంగ ఓట్లకు దోవ దొరికింది. అట్లాంటివాళ్ళు ఇంకా శానామంది వచ్చినారు. ఊర్లో మా పార్టీ ఓడింది.

తర్వాత డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూసినాడు. మాట పుట్టే పొరలు రెండూ ఎర్రగా వాచినాయన్నాడు. క్లోరిన్, ఒంటి చెమటా మురికీ కలిస్తే లేచే ఆవిరి గొంతును మండిస్తుందంట. మూసిన చోట ఇంకా చెడ్డదంట. గుసగుసలాడొద్దు, దానికి గొంతు మరీ అలిసిపోతుంది అన్నాడు. మౌనంగా ఉంటే, నేరం ఒప్పుకుందన్నారు ఊర్లో.

గొంతు మెల్లగా తిరిగొచ్చింది. ఊరి అనుమానం మాత్రం పోలేదు. పులివెందులలో మావాళ్ళ పెండ్లిలో, మా పుట్టింటివాళ్ళందరి ముందరా ఆ మామే ఎత్తుకున్నాడు: "మా కోడలు బలే నటించిందప్పా. ఈతకు పోతే గొంతు పోయిందంట." పందిట్లో అందరూ నవ్వినారు. నేను లేచి ఆయన దగ్గరికి పోయేలోపల బంతికి పిలుపొచ్చిందని భోజనానికి జారుకున్నాడు.

ఆయన ఆ కథ ఇప్పటికీ చెప్తాండాడు. నాకు మాట రాలేదు, సరే. రంజానుకు ఆ కువైట్ ఆమె ఇంటినుంచి వచ్చిన సేమియా ఏటేటా తిన్నవాడివి నువ్వు. నేను పొడిచినప్పుడు ఆమె తరఫున ఒక్క మాట అనడానికి నీకేం అడ్డం వచ్చింది మామా?