తార్నాక దాకా వెళ్లి జర్మనీ సారును అడిగిన ప్రశ్న

మా బిడ్డ స్వాతి ఫోన్ చేసి, "నాయినా, బుధవారం నా వైవా. అది గట్టెక్కితేనే డాక్టరేటు. నువ్వు, అమ్మ ఇద్దరూ రావాలె" అన్నది. తొమ్మిదేళ్ల క్రితం మా ఇంటావిడ యాదమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చి నయమైంది. బిడ్డకు క్యాన్సర్ చదువు మీద పట్టుదల అప్పుడే పుట్టింది. కొన్ని క్యాన్సర్ కణాలు మందుకు ఎందుకు లొంగవో ఇక్కడ తార్నాక యూనివర్సిటీలో స్వాతి, జర్మనీలో ఒక ప్రొఫెసర్ సారు బృందం ఐదేళ్లుగా కలిసి పరిశోధిస్తున్నారు.

పొద్దున ఆరింటికి జనగామలో బస్సెక్కి, ఎనిమిది దాటాక ఉప్పల్‌లో దిగాం. అక్కడి నుంచి మెట్రోలో తార్నాకకు పావుగంట కూడా పట్టదు, మనిషికి ఇరవై రూపాయల చిల్లర. స్టేషన్ కింద ఇడ్లీ తిని, క్యాంపస్ లోపలి దాకా ఎనభైకి ఆటో మాట్లాడుకున్నాం.

"ఏం పని మీద పోతున్నరు పెద్దయ్యా?" అన్నాడు డ్రైవర్.

"మా బిడ్డకు పరీక్ష ఉన్నది."

"మరి మీరెందుకు, చిట్టీలు అందియ్యనీకా?"

యాదమ్మ నవ్వి, "ఈయన అందిస్తే ఉన్న మార్కులు గూడ పోతయి" అన్నది.

పదకొండింటికి వైవా మొదలైంది. పెద్ద తెర మీద జర్మనీ సారు కనిపించారు. అక్కడ అప్పుడే పొద్దు పొడుస్తోందట, చేతిలో కాఫీ కప్పు. స్వాతి గంటసేపు ఇంగ్లీషులో చెప్పింది. నాకు అర్థమైందల్లా ఆమె గొంతు వణకలేదని. చివర్లో ఆమె గైడ్ మేడమ్, "హాల్లో ఎవరైనా ప్రశ్న అడగొచ్చు" అన్నారు. నేను లేచాను. స్వాతి ముఖం పాలిపోయింది.

"సారూ, ఎర్ర చెల్క నేలల పండిన విత్తనం నల్ల రేగడిల పండుతదో లేదో మేం ఏసి చూస్తం. మా బిడ్డకు గీడ వచ్చిన ఫలితమే మీకు గాడ గూడ వచ్చిందా?"

మేడమ్ ఇంగ్లీషులో చెప్పగానే సారు కప్పు పక్కన పెట్టారు. ఆయన జవాబును మేడమ్ తెలుగులో వినిపించారు. "మొదటిసారి అక్కడ రాలేదట. వాళ్లు వదిలేద్దామన్నారట. స్వాతి ఒప్పుకోలేదు. మళ్లీ మొదటి నుంచి చేసింది, వాళ్లతోనూ చేయించింది. ఇక్కడి నుంచి పంపిన కణాల నమూనాలు దారిలో వేడెక్కి పాడయ్యాయని తనే కనిపెట్టింది. తర్వాత రెండు చోట్లా ఒకటే వచ్చింది."

ఆ రోజుల్లో ఎప్పుడు ఫోన్ చేసినా "మంచిగున్న నాయినా" అనేదే తప్ప, ఈ సంగతి మాకు ఒక్కసారీ చెప్పలేదు. కాసేపటికి డాక్టరేటు ఖాయమని ప్రకటించారు. యాదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది, నేను తుడుచుకోలేదు, కారనిచ్చాను.

మా ఊరి పేరు పలకలేని మనిషి, యాదమ్మ లాంటి ఆడవాళ్ల కోసం అంత దూరాన కూర్చుని నా బిడ్డ మాట విని మళ్లీ పని మొదలుపెట్టాడు. ఆయనకు, మేడమ్‌కు, ఆ హాల్లో చప్పట్లు కొట్టిన ప్రతి ఒక్కరికీ ఎన్ని దండాలు పెట్టినా నాకు తనివి తీరదు.

మీ పిల్లల వైవాకు వెళ్లేవారికి ఒక్క మాట: క్యాంపస్ చాలా పెద్దది, ఆటో ఎక్కే ముందే డిపార్ట్‌మెంట్ పేరు చెప్పండి. హాల్లో ముందు వరుసలో కూర్చోండి, భార్యకు మాత్రం కాస్త దూరంగా. నా దగ్గర రెండో ప్రశ్న కూడా ఉండేది, యాదమ్మ చొక్కా పట్టి కూర్చోబెట్టింది.