తట్టుగుర్రం నోటికి సరిపోయిన ఇనుము

ఆ చాప ఇంకొంచెం ఇటు లాగండి. నా గొంతు ఇప్పుడు పెద్దగా లేవదు, దూరంగా కూర్చుంటే సగం మాటలు గాలికే పోతాయి. పిల్లల్ని ఒళ్లోకి తీసుకోండి. యుద్ధం కథ అనుకుంటారేమో. ఇది ఒక తట్టుగుర్రం నోటి కథ.

నలభై ఎనిమిదో సంవత్సరం, ఎండాకాలం. మాచర్లలో రైలు దిగాం. అక్కడి నుంచి కృష్ణ ఒడ్డు దాకా నడక. భుజాన తుపాకీ, దుప్పటి, ఒక పూట రొట్టెలు. అవతలి ఒడ్డు అప్పటికింకా నిజాం రాజ్యం. ఇవతల గట్టు మీద నాపరాళ్లు పేర్చి కట్టిన గది మా పోస్టు. చుట్టుపక్కల చెట్టు లేదు. అయిదుగురం: హవల్దారు, వైర్‌లెస్ ఆయన, వంటాయన, కాపలా అతను, నేను. రేవు మీద కన్నేసి ఉంచాలి, కనిపించింది వైర్‌లెస్‌లో చెప్పాలి. అంతే ఆర్డరు.

నీళ్లు కింద ఏట్లో, మేం పైన. మధ్యన నిట్టనిలువు దారి, జారే రాళ్లు. పొద్దున అయిదింటికోసారి, సాయంత్రం నాలుగింటికోసారి తట్టుగుర్రం మీద రెండు డబ్బాల నీళ్లు రావాలి. మా నాయన నరసరావుపేట స్టేషను దగ్గర జట్కా తోలేవాడని ఎవరో చెప్పారు. దాంతో ఆ గుర్రం నా చేతికొచ్చింది.

పొట్టిది, ఎర్రది. మెడ మాత్రం ఎద్దు మెడ. కళ్లెంలో, నోట్లో ఆనేచోట, ముళ్ల ఇనుము. లాగితే ముళ్లు నాలుక మీద దిగాలి, గుర్రం ఆగాలి. ఇది ఆగేది కాదు. లాగేకొద్దీ తల ఎత్తి దూకేది. పొద్దునపూట ఎలాగో వచ్చేది. సాయంత్రం డబ్బాలు రాళ్ల మీద దొర్లేవి. ఆ రాత్రి వంటాయన పొయ్యి వెలిగించేవాడు కాదు. ఉన్న నీళ్లు గుక్కెడు గుక్కెడు పంచుకునేవాళ్లం.

వైర్‌లెస్ ఆయనది రెంటచింతల. మా మధ్య ఏ చుట్టరికమూ లేదు, అయినా నన్ను మామా అనేవాడు. ఎండ గురించి ఎవరన్నా మూలిగితే, మా ఊళ్లో దీన్ని చలికాలం అంటారనేవాడు.

మూడోసారి నీళ్లు పోయినప్పుడు హవల్దారు అరవలేదు. తుపాకీ తుడుచుకుంటూ చెప్పాడు.

"ఇంకోసారి పారబోసిందంటే కాల్చేస్తా. తలా ఒక కుండ ఇచ్చి మీతోనే మోపిస్తా."

"ఒకసారి నోరు చూడనీండి సార్."

"ఏంది చూసేది? బలమున్న దానికి ఇంకా గట్టి ఇనుము కావాల. అంతే."

చూశాను. నాలుక మందం, అంగిలి బాగా కిందికి. ముళ్లకు లోపల చోటే లేదు. ఇనుము ఆనే చిగుళ్ల మీద రెండు పక్కలా పుండ్లు. నొప్పి పుడితే గుర్రం ఆగదురా, నొప్పి నించి పారిపోద్ది అని మా నాయన అంటుండేవాడు. మరి సాయంత్రమే ఎందుకు పారిపోతుందో అర్థం కాలేదు.

మర్నాడు నాలుగింటికి కళ్లెం అందుకోబోతే ఇనుము వేళ్లకు తగిలింది. చెయ్యి చుర్రుమంది. పడమటి గోడకు మేకు, ఆ మేకుకు కళ్లెం. మధ్యాహ్నమంతా ఎండ, వెనకనుంచి నాపరాయి సెగ. మనుషులు ఎవరైనా తోలుపట్టీ పట్టుకునే తీస్తారు. ఇనుమును తాకేది దాని నాలుక ఒక్కటే.

పుండ్లు మానేదాకా ఒట్టి తాడు కట్టి నడిపించాను, చల్లపొద్దున మాత్రమే. ఈలోగా దగ్గర ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర కూర్చున్నాను. మొదట మధ్యలో కీలున్న సన్నటి ఇనుము చేశాడు. అంగిలికి పొడుచుకుంది, గుర్రం నోరు తెరిచింది. తర్వాత తిన్నటిది, లావుది. నాలుకను నొక్కేసింది. మూడోది చిటికెన వేలంత మందం, నున్నగా, నాలుకకు చోటుండేలా మధ్యలో కొద్దిగా వంపు. పెదవులు నలక్కుండా అటూ ఇటూ కాస్త వదులు. నోటి మూల ఒక్క ముడత పడేదాకా పట్టీ బిగించాను. పెట్టేముందు ప్రతిసారీ నీళ్లకుండలో ముంచి, గుప్పిట్లో పట్టుకుని చూసి, అప్పుడు పెట్టేవాణ్ణి.

తల దించింది. నడిచింది. సాయంత్రం నీళ్లు నిండుగా పైకొచ్చాయి.

హవల్దారు తాగి మూతి తుడుచుకున్నాడు. ముళ్ల ఇనుము పారెయ్యొద్దన్నాడు.

"కాల్పులు మొదలైన్నాడు అదే పెట్టు. ఈ మెత్తనిదానికి నిలబడదు."

ముళ్లదాన్ని గది మూలన పెట్టేశాను.

వానలు పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం వైర్‌లెస్ ఆయన చొక్కా ఉతుక్కుంటానని నా వెంట ఏట్లోకి దిగాడు. డబ్బాలు నింపి గుర్రానికి కట్టాను. అవతలి ఒడ్డు నుంచి కాల్పులు వినిపించాయి. ఎవరు కాల్చారో ఇప్పటికీ తెలియదు. అతను నీళ్ల అంచున కూర్చుండిపోయాడు. పొట్టలో తగిలింది.

కళ్లెం నా చేతిలో లేదు. గుర్రం వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. ఒళ్లంతా వణుకుతూ అక్కడే నిలబడింది. డబ్బాల తాళ్లు కోసేశాను. అతన్ని ఎత్తి దాని వీపు మీద వేశాను.

"ఈసారి పారబోసింది గుర్రం కాదు మామా," అన్నాడు.

నవ్వాడేమో, నేను ముఖం చూడలేదు. కళ్లెం వదులుగా పట్టుకుని ముందు నడిచాను. వెనక తుపాకీ మోగినప్పుడల్లా దాని చెవులు వెనక్కి పడేవి, కాలు మాత్రం తడబడలేదు. ఒక్కసారి కూడా లాగలేదు. అతను దారిలో ఇంకేమీ అనలేదు.

పైన హవల్దారు ఎదురొచ్చాడు. అతని మెడ మీద చెయ్యి పెట్టి నాడి చూశాడు. చాలాసేపు చెయ్యి తీయలేదు.

"దించరా," అన్నాడు.

ఆ నెలలోనే అవతలి ఒడ్డు కూడా మన దేశంలో కలిసింది. పోస్టు ఎత్తేశారు. గుర్రాన్ని తీసుకెళ్లడానికొచ్చిన మనిషికి ఇనుము నీళ్లలో ముంచమని చెప్పాను. సరేనన్నాడు. నేను రైలెక్కి నరసరావుపేటలో దిగాను. అమ్మ అన్నం పెట్టింది. తిన్నాను, పడుకున్నాను. ఏడుపు రాలేదు. తర్వాత కూడా రాలేదు. ఆ దారి ఇప్పుడు ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది.

ఒకటి మాత్రం పోదు. హవల్దారు దించమన్నాడే, అప్పుడు మేం వెంటనే కదల్లేకపోయాం. వాన తుంపర. చచ్చిపోయిన మనిషిని వీపు మీద పెట్టుకుని ఆ గుర్రం కదలకుండా నిలబడి, కళ్లు సగం మూసి, నోట్లో ఇనుమును నెమ్మదిగా చప్పరిస్తోంది. నోరు నొప్పి లేని గుర్రం అలాగే చేస్తుంది. ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఇక లేవండి, పిల్లలకు నిద్రొస్తోంది. మీ ఇంటి నుంచి గడప దాటి వెళ్లినవాళ్లంతా తమ కాళ్లతోనే నడిచి తిరిగి గడప ఎక్కాలి. చల్లగా ఉండండి.