చాడీలు చెప్పే సూది

పెద్దమ్మ నడిస్తే చప్పుడుండదు. పక్కన నిలబడి పలకరించేదాకా వచ్చినట్టే తెలియదు. చెల్లెళ్ళ పిల్లలంతా ఉలిక్కిపడి, ఆనక "పిల్లి పెద్దమ్మ" అని వేళాకోళం చేస్తారు. నవ్వి ఊరుకుంటుంది.

కొత్తకాపురం నాటి పెద్దమ్మ వేరు. అడుగేస్తే గచ్చు అదిరేది. తలుపు వేస్తే ఇరుగుపొరుగు తొంగిచూసేవారు. పుట్టింట్లో అందరి నడకా అంతే, గొంతులూ అంతే. అలాంటి మనిషిని పెదనాన్న తీసుకొచ్చి, భూకంపాలు నమోదు చేసే కేంద్రం ఆవరణలో కాపురం పెట్టాడు.

అక్కడ యంత్రాన్ని చూసుకోవడం ఆయన ఉద్యోగం. నున్నటి కాగితాన్ని కిరసనాయిలు దీపం పొగకు పట్టి, మసి బాగా అంటుకున్నాక యంత్రం డ్రమ్ముకు చుట్టేవాడు. డ్రమ్ము మెల్లగా తిరుగుతుంటే సూది ఆ నలుపు మీద తెల్లని గీత గీస్తూ పోయేది. నేల కదిలితే గీత వణికేది. ఇప్పుడు ఆ కేంద్రమూ లేదు, పెదనాన్నా లేడు. కిరసనాయిలు వాసన ఎక్కడైనా తగిలిందంటే పెద్దమ్మ మాట మధ్యలో ఆగిపోతుంది.

మసి కాగితం మీదే ఉంటే గొడవే ఉండేది కాదు. పెదనాన్న బనీనుకూ, తువ్వాలుకూ, ఆఖరికి తలగడకూ అంటుకునేది. పెద్దమ్మ పెరట్లో బండకేసి బట్టలు బాదేది. ఆ దెబ్బకు అవతల గదిలో సూది ఎగిరేది.

"కాస్త మెల్లగా ఉతకవే."

"మెల్లగా ఉతికితే మసి పోతుందా? పూసేదీ మీ యంత్రమే, వదిలిస్తుంటే ఆఫీసరుకు చాడీలు చెప్పేదీ అదే. దానికంటే మీ చెల్లెలే నయం!"

ఆఫీసరు మంచివాడే కాని కాగితం దగ్గర మాత్రం కాలయముడు. "ఇంకొక్కసారి మీ ఇంటి చప్పుడు దీనిమీద కనపడిందా, క్వార్టరు ఖాళీ చెయ్యాల్సిందే" అనేశాడు. ఖాళీ చేస్తే ఆవిడ అత్తగారి ఊళ్ళో, ఆయన ఆఫీసు వరండాలో. ఆనాటినుంచి పెద్దమ్మ మునివేళ్ళ మీద నడిచింది. బట్టలు నానబెట్టి చేత్తోనే నలిపి ఉతికింది. చెంబు దించాలన్నా కింద గుడ్డ మడిచి వేసేది.

ఓ మధ్యాహ్నం చొక్కాకు గుండీ కుడుతోంది. ఆఫీసరు కేక వినబడింది. "ఏమయ్యా, మీ ఆవిడ మళ్ళీ మొదలెట్టింది!"

పెదనాన్న పరుగున వచ్చాడు. "బండ దగ్గరికెళ్ళావా?"

"గుండీ కుట్టినా వినిపిస్తుందా మీ యంత్రానికి?" అంది. కుట్టేది అవతల పెట్టి లేచింది. "పదండి. నా ఎదురుగానే చెప్పమనండి."

ఆ గదిలోకి ఆవిడ అడుగు పెట్టడం అదే మొదలు. ఆఫీసరు కాగితం మీద సన్నని వణుకు చూపించాడు. "ఇదెవరి పనమ్మా మరి?"

పెద్దమ్మ నోరు తెరిచేలోపే సూది ఒక్కసారిగా విసురుగా ఊగింది. ఆగకుండా అటూ ఇటూ కొట్టుకోసాగింది. ఇందాకటి వణుకు దీని ముందు ఏపాటి! పెద్దమ్మ తన పాదాలకేసి చూసుకుంది. అవి కదల్లేదు.

"ఇదీ నేనేనా అండీ?"

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కాదమ్మా. సరిగ్గా చూడకుండా నోరు పారేసుకున్నాను. ఎక్కడో భూకంపం వచ్చింది. వరసలో వెనకవాడు తోస్తే ఆ తోపు ముందువాడిదాకా పాకుతుంది చూడు, భూమిలో అలా తోసుకుంటూ వచ్చేది మొదటి అల. అన్నిటికన్నా వేగం దానిదే. ఇందాక నేను నీ పని అన్నది దాన్నే. తడిచీర ఒక కొస పట్టుకుని జాడిస్తే మెలిక రెండో కొసకు పోతుందే, ఇప్పుడొచ్చింది అలాంటిది. రాయిలోంచి వస్తుంది కాని నీళ్ళలోంచి రావడం దానివల్ల కాదు. వేగం తక్కువ కాబట్టి మొదటిదానికి వెనకబడుతుంది."

"అయితే క్వార్టరు?"

"ఎక్కడికి పోతుందమ్మా? నీదే."

పెద్దమ్మ పకపకా నవ్వేసింది. పెదనాన్న కూడా. ఆఫీసరు మాత్రం రెండు అలల మధ్య ఎడాన్ని స్కేలుతో కొలిచాడు. ఆ ఎడం ఎంత ఎక్కువైతే భూకంపం వచ్చిన చోటు అంత దూరం. గోడమీద పటం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"చాలా దూరం. ఇంత దూరానికే ఇలా ఉందంటే, అక్కడ ఇళ్ళు నిలిచి ఉండవు" అని, కబురు పంపడానికి ఫోను గదిలోకి వెళ్ళాడు.

నవ్వినందుకు పెద్దమ్మకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. డ్రమ్ము పక్కన నేలమీద కూర్చుంది. కాసేపటికి గీత మారింది. తొందర లేకుండా, వెడల్పుగా, తెరలు తెరలుగా ఊగుతోంది.

"ఇంకా వస్తున్నాయా?"

"ఆఁ. ఇవి నేల పైపైనే దొర్లుకుంటూ వచ్చేవి. అన్నిటికన్నా నిదానం. ఎక్కువగా ఇళ్ళు కూల్చేవి ఇవేనట" అన్నాడు పెదనాన్న. "నువ్వు ఇంటికి వెళ్ళరాదూ?"

"ఉంటానండీ."

ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. సూది నిమ్మళించేదాకా ఇద్దరూ కదల్లేదు.